అద్దాల కింద మా నాన్న చెంచా

మా నాన్నకి ఒక మనిషి ప్రేమగా ఇచ్చిన చెంచాని, మా నాన్న అతని దగ్గర లాక్కున్నాడని రాసి, దక్షిణ కొరియాలో ఒక ప్రదర్శనశాలలో అద్దాల కింద పెట్టారు. ఆ చెంచా వాళ్ళకి ఇచ్చింది నేనే. రెండు చేతులా పట్టుకుని మరీ ఇచ్చాను.

చీటీ మీద ఉన్న మాటలు ఇవి: "బందీ తన చేతులతో చేసుకున్న చెంచా. భారత కాపలా సైనికుడు స్వాధీనం చేసుకున్నది." పైన వాళ్ళ లిపిలో ఉంది, కింద ఇంగ్లీషులో ఉంది. ఇంగ్లీషు ముక్క నేను చదివాను. స్వాధీనం అన్నచోట ఉన్న మాట నాకు తెలిసినా, తెలిసింది తప్పేమోనన్న ఆశ కొద్దీ నిఘంటువు తీశాను. అధికారబలంతో తీసుకొనుట, జప్తు చేయుట అని ఉంది. నిఘంటువు మూసేశాను.

మా నాన్న పోయి చాలా ఏళ్ళయింది. పోయిన మనిషి వచ్చి నేను లాక్కోలేదు అని చెప్పుకోలేడు కనక నేను చెప్తున్నాను.

మాది నరసన్నపేట పక్కన పల్లె. వరి తప్ప ఇంకో పని తెలీని ఇల్లు. వరసగా వానలు మొహం చాటేసిన కాలంలో మా నాన్న పటాలంలో చేరాడు. తుపాకీ పట్టే పని కాదు, రేషన్ స్టోర్లో బస్తాలు తూచి ఇచ్చే పని. నాకు మూడేళ్ళప్పుడు ఆయన్ని ఓడెక్కించి కొరియా పంపారు.

ఆ కథ ఇప్పటివాళ్ళకి చెప్పాలంటే మొదటినుంచీ చెప్పాలి. కొరియా అప్పటికే రెండు ముక్కలు. ఉత్తరం వాళ్ళూ దక్షిణం వాళ్ళూ, వెనక పెద్ద దేశాల దన్నుతో, మూడేళ్ళు కొట్టుకున్నారు. యుద్ధం ఆగాక ఒక చిక్కు మిగిలిపోయింది. దక్షిణం వైపు పట్టుబడ్డ బందీల్లో వేలమంది, మేం వెనక్కి మా ఉత్తరానికి పోము అని మొండికేశారు. వాళ్ళ సంగతి తేలేదాకా కాపలా కాయడానికి ఎవరి పక్షమూ కాని దేశం ఒకటి కావాలి. మన దేశం ఒప్పుకుంది. అలా మన సైనికులు కొన్ని వేలమంది, వాళ్ళలో ఒకడిగా మా నాన్న, ఎవరిదీ కాని యుద్ధంలో ఎవరికీ ఇష్టం లేని కాపలాకి వెళ్ళారు.

ఇష్టం లేని కాపలా అని ఊరికే అనలేదు. దక్షిణం ప్రభుత్వానికి మనవాళ్ళ మీద నమ్మకం లేదు. వీళ్ళు బందీల్ని బెదిరించి ఉత్తరానికి తోలేస్తారని వాళ్ళ భయం. అందుకని మనవాళ్ళ కాలు తమ నేల మీద పడకూడదని పట్టుబట్టారట. ఓడ నుంచి హెలికాప్టర్లో ఎత్తుకెళ్ళి, రెండు దేశాల మధ్య ఖాళీగా వదిలిన జాగాలో దించారట. మా నాన్న ఆ ముచ్చట చెప్పినప్పుడల్లా నవ్వేవాడు.

"నాను ఆ దేశం ఎల్లేనురా, కానీ ఆ దేశం మీద కాలెట్టనేదు. గాల్లోనే ఎల్లి గాల్లోనే వచ్చీసేను," అనేవాడు.

నేనూ నవ్వేవాణ్ణి. ఇప్పుడు నవ్వు రావడం లేదు.

శిబిరంలో ఆయన పని పొద్దున్నే ముళ్ళకంచె గేటు దగ్గర బియ్యం తూచి బందీలకి అప్పజెప్పడం. ఒక్కో గుంపు నుంచి ఇద్దరు ముగ్గురు వచ్చి బస్తాలు మోసుకెళ్ళేవారు. అలా వచ్చేవాళ్ళలో ఒకడు, మా నాన్న ఈడువాడే, మొదటిరోజు బస్తాలోంచి గుప్పెడు బియ్యం తీసి వాసన చూశాట్ట. ఒక గింజ పంటికింద పెట్టి కొరికి మొహం వికారంగా పెట్టాట్ట. మా నాన్న పగలబడి నవ్వాడు. నరసన్నపేట సంతలో బియ్యం బేరం చేసేటప్పుడు ఆయన చేసే పని అదే. మర్నాడు ఆ మనిషి రాగానే మా నాన్నే ముందుగా గింజ తీసి కొరికి, అదే మొహం పెట్టి చూపించాడు. ఈసారి అతను నవ్వాడు. ఇద్దరికీ ఒక్క మాట కలవదు. రైతు పళ్ళు మాత్రం కలిశాయి.

చలి ముదిరాక ఒకరోజు ఆ మనిషి గేటు దగ్గర మా నాన్నకి ఏదో సైగ చేశాడు. నడుం వంచి ముసలమ్మలా రెండడుగులు నడిచి చూపించాడు. చెంప కింద చెయ్యి పెట్టుకుని కళ్ళు మూసుకున్నాడు. తర్వాత వేలు నేలకేసి పొడిచి, ఇవాళ అన్నట్టు చూశాడు. ఎప్పుడో పోయిన వాళ్ళమ్మ దినం అది. మా నాన్నకి చప్పున అర్థమైంది. అతను రెండు చేతులూ దోసిలి పట్టాడు, ఒక్క గుప్పెడు బియ్యం వేరుగా కావాలని. తూకంలో ఒక్క గింజ ఎక్కువ ఇవ్వడానికి వీల్లేదు. మా నాన్న వెళ్ళి, మధ్యాహ్నం తన వంతు అన్నం తినకుండా డబ్బాలో పెట్టి తెచ్చి కంచెలోంచి అందించాడు.

ఆ మనిషి డబ్బా నేల మీద పెట్టి, ఉత్తరం దిక్కుకి తిరిగి, అన్నం నడిమధ్యన చెంచా నిట్టనిలువుగా గుచ్చాడు. నుదురు మట్టికి ఆనేలా రెండుసార్లు మొక్కాడు. అక్కణ్ణుంచి లేచి పక్కకి జరిగి, అన్నం వైపు చూడకుండా మొహం తిప్పుకుని నిలబడ్డాడు.

మా నాన్న ఇక్కడికి వచ్చేసరికి ఎప్పుడూ గొంతు తగ్గించేవాడు. "మనం పెద్దలకి పెట్టుకుంటే ఆకులో వడ్డించీసి పక్కకి తప్పుకోమేటి, ఆలొచ్చి తింటారని? ఆడూ అంతేరా. ముళ్ళకంచెకి అవతల ఆడు, ఇవతల నాను. నాను టోపీ తీసి అటు తిరిగిపోనాను. ఆలమ్మ తింటాది కదా, మనం సూడకూడదు."

కొన్నాళ్ళకి బందీల్ని వదిలేశారు. వెళ్ళిపోయే రోజున ఆ మనిషి గేటు దగ్గర ఆగి, రేషన్ డబ్బా రేకు కొట్టి చేసిన చెంచా ఒకటి రెండు చేతులతో పట్టుకుని మా నాన్నకి ఇచ్చాడు. పొడుగాటి కాడ, చివర చిన్న గింజ ఆకారం చెక్కి ఉంది. మా నాన్న దగ్గర ఇవ్వడానికి ఏమీ లేక జేబులో ఉన్న బీడీకట్ట ఇచ్చాడు. ఇదీ లాక్కోవడం!

ఒక సంగతి నేను దాచను, ఎందుకంటే మా నాన్న దాచలేదు. ఆ శిబిరాల్లో తనిఖీలు జరిగాయి. మనవాళ్ళు ఇనప ముక్కలూ, బట్ట పేలికలతో కుట్టుకున్న జెండాలూ లాక్కున్నారు. గొడవలు ముదిరినప్పుడు కాల్చారు, మనుషులు చచ్చిపోయారు. ఒక తనిఖీలో బస్తా పట్టుకుని నిలబడ్డవాడు మా నాన్నే. ఆ బస్తాలో పడ్డవాటి గురించి తల్చుకుని ఆయన ముసలితనంలో కూడా బాధపడేవాడు. బస్తాలో పడినదేదో, చేతికి వచ్చినదేదో ఆయనకి తెలుసు. ఆ తేడా పోకూడదనే నా గోలంతా.

నాన్న కొరియా నుంచి ఇంటికొచ్చాక మా నాయనమ్మ పోయింది. మొదటి ఏడు పెద్దలకి పెట్టుకున్న రోజున మా నాన్న ఆకులో అన్నం వడ్డించి, నడిమధ్యన ఆ రేకు చెంచా నిలువుగా గుచ్చాడు. చుట్టాలు బిత్తరపోయారు.

"ఇదేటి మావా, సచ్చినోల్లు చెంచాతో తింటారేటి? దొరలైపోనారేటి?" అన్నారు.

"మా అమ్మ కదా, నా ఇష్టం," అన్నాడాయన.

అప్పటినుంచి మాది 'కొరియావోళ్ళ ఇల్లు' అయింది. నాన్న పేరు పోయి 'కొరియా' మిగిలింది. నన్ను బడిలో 'కొరియా గుంటడు' అనేవారు. అయిదో తరగతి దాటాక బడి మానేశాను కనక ఆ పేరు కొంత తప్పింది. నెల్లిమర్లలో జనపనార మిల్లుకి వెళ్ళాక మళ్ళీ తగులుకుంది, మా పల్లెవాడొకడు అక్కడ ముందే చేరి ఉన్నాడు.

మిల్లులో షిఫ్టు అయ్యాక ఆదివారాలు విజయనగరం పోయి గ్రంథాలయంలో కూర్చునేవాణ్ణి. నా చదువంతా అక్కడిదే. ఇంగ్లీషు, పక్కన నిఘంటువు పెట్టుకుని పేపర్లు చదివి నేర్చుకున్నాను. మాట్లాడటం రాదు, చదవడమూ రాయడమూ వచ్చు. నేను మొదట వెతికింది కొరియా గురించే. మా నాన్న చెప్పిన హెలికాప్టర్లు, ముళ్ళకంచె, బందీలు, అన్నీ నిజమేనని పుస్తకాల్లో చూసి నాకు గర్వం కలిగింది. ఒక్క చెంచా సంగతి మాత్రం ఏ పుస్తకంలోనూ లేదు. అన్నంలో చెంచా గుచ్చడం వాళ్ళ ఆచారమో, ఆ ఒక్క మనిషి సొంత పిచ్చో నాకు చాలా ఏళ్ళు తెలీలేదు.

తేల్చింది మా కోడలు. అంగన్‌వాడీలో పనిచేస్తుంది, ఇంటికొస్తే ఫోన్లో కొరియా సీరియళ్ళు తప్ప ఇంకోటి చూడదు. ఒకరోజు వంటింట్లోంచి గావుకేక పెట్టింది.

"మావయ్యా! బేగీ రండి, మీ నాన్నగారి పెద్దల దినం ఫోన్లో వచ్చీసినాది!"

వెళ్ళి చూద్దును కదా, ఎవరో నల్లకోటు వేసుకున్న కొడుకు, బల్ల మీద పళ్ళూ చేపలూ పేర్చి, గిన్నెలో అన్నం మధ్యన చెంచా గుచ్చి, నేలకి వంగి మొక్కుతున్నాడు. తర్వాత అందరూ లేచి తలుపు వేసి బయటికి పోయి నిలబడ్డారు. నేను కండువాతో కళ్ళు తుడుచుకున్నాను. మా ఆవిడ చూసింది.

"ఏటండీ ఏడుస్తన్నారేటి? సీరియల్ సూసి ఏడిసే అలవాటు మీకూ వచ్చీసిందేటి?"

"ఊరుకో. మా నాన్న అబద్ధం ఆడలేదు, చూడు," అన్నాను.

ఆ ఉత్సాహమే నన్ను ముంచింది. యుద్ధకాలం జ్ఞాపకాల గురించి ఒక కొరియా ప్రదర్శనశాలవాళ్ళు పాత సైనికుల కుటుంబాలని వెతుకుతున్నారని పేపర్లో చూసి, నేనే ఉత్తరం రాశాను. కొన్ని నెలలకి ఒక పరిశోధకురాలు వచ్చింది, నలభై ఏళ్ళుంటాయి. కూడా ఒక దుబాసీ. విశాఖపట్నం ఆయన, కొరియావాళ్ళ ఫ్యాక్టరీలో చేసి ఆ భాష నేర్చుకున్నాడు. ఏ రోజు రమ్మంటారని ముందు అడిగితే, మా నాన్న దినం నాడు రమ్మన్నాను. చెంచా అన్నంలో నిలబడి ఉండగా ఆవిడ చూడాలని నా కోరిక.

చూసింది. నెత్తళ్ళ చేపల పులుసు, కోడికూర, గారెలు, మధ్యలో అన్నం, అన్నంలో ఆ చెంచా. ఆవిడ ముందుకొచ్చి, ఎవరూ చెప్పకుండానే మోకాళ్ళ మీద వంగి మొక్కింది. రెండుసార్లు మొక్కింది. మేం పక్కకి తప్పుకుంటే ఆవిడా మాతోపాటు తప్పుకుని గుమ్మం అవతల మొహం తిప్పుకుని నిలబడింది. మా ఆవిడ నా చెవిలో, "ఓలమ్మ, మన పిల్లల కన్నా బాగా చేస్తన్నాది," అంది.

ఇక్కడ మా ఇంటి పద్ధతి ఒకటి చెప్పాలి. పెద్దలకి పెట్టాక ఆ ఆకు ముందు బయటి మనిషి ఒకర్ని కూర్చోబెట్టి భోజనం పెడతాం. ఆ పూటకి ఆ మనిషే మా పెద్ద. తింటూ ఏదన్నా అడిగితే లేదనకూడదు. మామూలుగా వచ్చినవాళ్ళు ఇంకో గారె అడుగుతారు, మహా అయితే ఒక తువ్వాలు. ఆ రోజున నేను ఆ పరిశోధకురాల్ని కూర్చోబెట్టాను. ఆ చెంచా పుట్టిన దేశం మనిషి కదా అనుకున్నాను. ఆవిడ చక్కగా తిన్నది, నెత్తళ్ళు కూడా తిన్నది. తిన్నాక దుబాసీ చేత అడిగించింది: ఈ చెంచా మా దేశంలో అందరూ చూసేలా పెడతాం, మీ నాన్నగారి కథతో పాటు పెడతాం, ఇవ్వగలరా?

మా ఆవిడ నన్ను వంటింట్లోకి లాగింది. "మతిపోనాదేటి మీకు? ఇంట్లో పెద్దల చెంచా ఎవులికైనా ఇచ్చీస్తారేటి? వచ్చే ఏడు దేంతో పెడతారు?"

"ఆకు ముందు కూర్చుని అడిగింది. లేదనమంటావా?"

"ఆ ఆవిడికి మన పద్ధతి తెల్దు కదండీ! తెలీకుండా అడిగినాది. సెప్పండి, అర్థం సేసుకుంటాది."

"తెలిసి అడిగినా తెలీక అడిగినా అడిగినట్టే."

నేను ఒక్క క్షణం ఆగి ఉండాల్సింది. మా ఆవిడ చెప్పింది సబబు. నేను మా నాన్న కథ దేశాలు దాటబోతోందన్న సంతోషంలో ఉన్నాను. పేపర్లు చదివి చదివి ప్రపంచమంతా న్యాయంగా నడుస్తుందనుకునే జబ్బు ఒకటి నాకు ఉంది. చెంచా కడిగి, తుడిచి, రెండు చేతులతో ఇచ్చాను. ఆవిడ రెండు చేతులతో తీసుకుంది. కళ్ళలో నీళ్ళు కూడా తిరిగాయి, అబద్ధం చెప్పను. నేను చెప్పిందంతా ఒక చిన్న యంత్రంలో రికార్డు చేసుకుంది. బియ్యం గింజ కొరకడం దగ్గర్నుంచి బీడీకట్ట దాకా చెప్పాను. దుబాసీ కాగితాలు చాపాడు, సంతకం పెట్టాను. జీవితమంతా అక్షరం దొరికితే వదలకుండా చదివినవాణ్ణి, ఆ ఒక్క కాగితం చదవలేదు.

ఏడాది తిరక్కుండానే ప్రదర్శన పుస్తకం పోస్టులో వచ్చింది. నిగనిగలాడే కాగితం, మంచి అచ్చు. మా చెంచా ఒక పేజీ అంతా ఉంది. నల్లటి గుడ్డ మీద పెట్టి తీశారు, కాడ చివర గింజ కూడా స్పష్టంగా కనిపిస్తోంది. కింద ఆ చీటీ. ముందు పేజీల్లో జెండాలు, కత్తులు, రేకు బుడ్లు, అన్నిటికింద అదే ముక్క, స్వాధీనం, స్వాధీనం. మా నాన్న పేరు లేదు. ఆయన అన్నం డబ్బా లేదు. కథ లేదు.

మా ఆవిడ తమ్ముడు ఆ రోజు ఇంట్లోనే ఉన్నాడు. నాతోపాటే మిల్లులో చేసినవాడు. పుస్తకం తిరగేసి కింద పెట్టాడు.

"ఓ బావా, ఇంతకీ ఏటైపోనాది? కొరియాలో ఎవుడో సూస్తాడు, ఎవుడో పేరు తెలీని సైనికుడు లాక్కున్నాడనుకుంటాడు. మావయ్య పేరు లేదు కదా? పేరు లేకపోతే పరువెక్కడ పోద్ది?"

"పేరు లేదు కనకనే పోయింది. పేరు ఉంటే ఒక్కడు లాక్కున్నాడనుకుంటారు. ఇప్పుడు అందరూ లాక్కునేవాళ్ళే."

"అయితే ఓ ఉత్తరం రాయి. నీకు ఉత్తరాలు రాయడం సరదా కదా. మొన్న కరెంటోల్లకి రాసేవు, మొన్నటికి మొన్న రైల్వేవోల్లకి రాసేవు. ఇప్పుడు కొరియావోల్లకి రాయి. ఎదిగిపోనావు బావా!"

రాశాను. నిఘంటువు పక్కన పెట్టుకుని నాలుగు రోజులు రాశాను. ఆ పరిశోధకురాలికి విడిగా ఒకటి రాశాను. ఆవిడ ఉద్యోగం మారిపోయిందని వేరెవరో జవాబు రాశారు. చీటీ గురించి మర్యాదగా వివరణ ఇచ్చారు. బతికున్న ఆనాటి బందీల సాక్ష్యాలు తమ దగ్గర భద్రంగా ఉన్నాయట. వాటిలో తనిఖీల్లో వస్తువులు పోగొట్టుకున్న సంగతులు చాలా ఉన్నాయట. భారత సైనికుడికి కానుక ఇచ్చిన సంగతి ఒక్కటీ లేదట. అందుకని శిబిరంలో తయారైన వస్తువులన్నీ ఒకే శీర్షిక కింద పెట్టారట. మరి నా సాక్ష్యం? రికార్డు చేసుకున్నారు కదా? అది పరిశోధన కోసం తీసుకున్నది, చీటీకి ఆధారంగా పనికిరాదట.

ఆ ఉత్తరం పట్టుకుని వారం రోజులు వాళ్ళ వైపునుంచే ఆలోచించాను. వాళ్ళ దేశం రెండు ముక్కలయింది, ఇంకా అతకలేదు. ఆ బందీలు దక్షిణం కోసం సొంత ఊరునీ తల్లి సమాధినీ వదులుకున్నవాళ్ళు. వాళ్ళు వీరులని అక్కడి పిల్లలు చదువుకుంటారు. వీరులకి కష్టాలు పెట్టినవాళ్ళు ఉండాలి, ఆ చోటు మనవాళ్ళకి దక్కింది. వీరుడు కాపలావాడికి చెంచా చేసి ఇస్తే ఆ కథ బిగుతు తగ్గిపోతుంది. ఇచ్చింది కూడా ఆ వీరుడే కదా! ఆ మనిషి చేసిన ఒక్క మంచి పనిని చెరిపేసి అతన్ని వీరుణ్ణి చేస్తున్నారు. మా నాన్నకి జరిగింది ఎంతో, అతనికీ అంతే జరిగింది. ఈ ముక్క రెండో ఉత్తరంలో రాశాను. జవాబు రాలేదు.

మన వైపు కథ ఇంకా బాగుంది. ఆధారం కావాలన్నారు కదా అని మాజీ సైనికుల పనులు చూసే ఆఫీసుకి వెళ్ళాను. మా నాన్న కొరియాలో ఫలానా శిబిరంలో రేషన్ పనిలో ఉన్నాడని ఒక కాగితం ఇమ్మన్నాను. అక్కడ కూర్చున్న అబ్బాయికి ముప్పై ఏళ్ళుంటాయి, మర్యాదస్తుడే.

"కొరియాతో మనకి యుద్ధం ఎప్పుడు జరిగిందండీ?"

"జరగలేదు బాబూ. కాపలాకి వెళ్ళాం."

"యుద్ధం జరక్కపోతే మా లిస్టులో రాదండి. పాకిస్తానూ, చైనా ఉన్నాయి, శ్రీలంక కూడా ఉన్నాది. కొరియా నేదు."

"మా నాన్న పతకం ఉంది నా దగ్గర."

"పతకం మీద పేరు ఉంటాది గానండీ, బియ్యం తూసినట్టు ఉండదు కదా?" అని, ఏదో గుర్తొచ్చినట్టు నవ్వాడు. "మా ఇంట్లో గుంటలు కొరియా అంటే పడి సచ్చిపోతన్నారండి. పాటలూ, నూడుల్సూ. మీ నాన్నగారు అప్పుడే ఎల్లొచ్చేరన్నమాట, లక్కీ."

అతని మీద కోపం రాలేదు. అతనికి ఎవరు చెప్పారు గనక? మా పిల్లల పాఠం పుస్తకంలో మన దేశం శాంతి కోసం పాటుపడింది అని ఒక్క వాక్యం ఉంది. ఆ వాక్యంలో బస్తాలూ లేవు, చలీ లేదు, కంచెకి అవతల ఒకడూ ఇవతల ఒకడూ మొహాలు తిప్పుకుని నిలబడటమూ లేదు. వాళ్ళు తప్పు జ్ఞాపకం పెట్టుకున్నారు. మనం అసలు పెట్టుకోలేదు. తప్పు రాసినవాడితో దెబ్బలాడొచ్చు. ఏమీ రాయనివాడితో ఏమని దెబ్బలాడతాం?

మూడో ఉత్తరం కూడా పంపాను. ఈలోగా మా నాన్న దినం వచ్చింది. మా ఆవిడ ఆకులో అన్నం వడ్డించి నా మొహం చూసింది. ఇంట్లో స్టీలు చెంచాలు డజను ఉన్నాయి. కోడలు ఒకటి తెచ్చి అందించబోయింది.

"ఇది పెట్టండి మావయ్యా. మనసు ముఖ్యం కదా?"

"వద్దు."

"మరి ఊరికే పెడతారా?"

"అందరిళ్ళల్లో ఊరికేగా పెడతారు. ఇకనుంచి మనమూ అందరిలాగే."

చెంచా లేని ఆ అన్నం ముందునుంచి మేం ఎప్పటిలాగే పక్కకి తప్పుకుని నిలబడ్డాం. మా నాన్న వచ్చాడో లేదో తెలీదు. వచ్చి ఉంటే ముందు చెంచా కోసం చూసి ఉంటాడు.

ఆ సాయంత్రమే నాలుగో ఉత్తరం మొదలుపెట్టాను. ఇందులో వాదం పెట్టలేదు. రెండే కోరాను. ఒకటి, చీటీ మీద 'ఇచ్చినది' అని మార్చండి. ఒక్క మాట చాలు, మా నాన్న పేరు కూడా అక్కర్లేదు. రెండు, అది మీకు సాధ్యం కాకపోతే చెంచా వెనక్కి పంపండి, మా ఇంట్లో పెద్దలకి పెట్టుకోవడానికి అది కావాలి. పెద్దల ఆకు ముందు కూర్చున్న మనిషి అడిగితే లేదనకూడదని ఇచ్చాను, అంతేగాని మా నాన్న మీద నింద మోపడానికి ఇవ్వలేదు. నా వయసు కూడా రాశాను, త్వరగా చెప్పమని.

ఎనిమిది నెలలు పట్టింది. జవాబు ఇంగ్లీషులో వచ్చింది. తెలుగులోకి నేనే మార్చుకున్నాను. ఒక్క మాట కలపలేదు, ఒక్క మాట తియ్యలేదు:

"గౌరవనీయులైన అయ్యా, మీ ఉత్తరాలన్నీ మా సమీక్షా సంఘం ముందు ఉంచాము. మీ తండ్రిగారి మీద మీకున్న ప్రేమకు సభ్యులందరూ చలించారు. సదరు వస్తువు కానుకగా ఇవ్వబడినట్లు గానీ, స్వాధీనం చేసుకోబడినట్లు గానీ రాతపూర్వకమైన ఆధారం లేనందున పాత చీటీని తొలగించాము. కొత్త చీటీ ఇలా ఉంటుంది: 'చెంచా. బందీల శిబిరం. చేసినవారు తెలియదు. ఎవరి నుంచి వచ్చినదీ తెలియదు.' ఇందువల్ల ఏ పక్షపు జ్ఞాపకాలకూ నొప్పి కలగదని మా నమ్మకం. మీరు సంతకం చేసిన దానపత్రం ప్రకారం వస్తువును తిరిగి ఇవ్వడం సాధ్యం కాదు. అయితే మీ కుటుంబ ఆచారానికి అది అవసరమని రాశారు కనుక, అవే కొలతలతో ఒక నకలు చేయించి పంపగలము. దయచేసి మీ చిరునామా సరిగా ఉన్నదో లేదో తెలియజేయండి."